కారు దించితే టైరు లోపలి అంచు ఎందుకు అరిగిపోతుంది?

ఎదురుగా నిలబడి చూస్తే టైరు బాగానే ఉంది. గాళ్లు లోతుగానే ఉన్నాయి, ఇంకో ఇరవై వేల కిలోమీటర్లు నడిచేలా కనిపించింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, చక్రం వెనక్కి చెయ్యి పోనిస్తే అసలు సంగతి తెలిసింది. లోపలి అంచున రబ్బరే లేదు. గుడ్డ పొర బయటపడి, అందులోంచి సన్నటి ఇనప తీగలు వేలికి గుచ్చుకుంటున్నాయి. అది నా 2008 మోడల్ స్విఫ్ట్. స్ప్రింగులు మార్పించి బండి కిందికి దించి అప్పటికి తొమ్మిది నెలలు కూడా కాలేదు.

నెల్లూరు మినీ బైపాస్ మీద అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు కొలిచి సరిచేసే పని, చేసే కుర్రాడు టైరు చూడకముందే, బండి ఎత్తు చూసి అడిగేశాడు: "లో చేయించారా సార్? అయితే లోపల తినేసుంటుంది."

ఈమధ్య నెల్లూరులో, ఒంగోలులో పదిహేనేళ్లు దాటిన స్విఫ్ట్‌లు, ఎస్టీమ్‌లు, జెన్‌లు నేలను రాసుకుంటూ పోవడం తరచుగా కనిపిస్తోంది. కొత్త కారు కొనే డబ్బుల్లో చిన్న వంతుతో పాత కారుకి కొత్త రూపు వస్తుంది కాబట్టి ఆ ముచ్చట అర్థమయ్యేదే. దాంతోపాటు "దించితే టైర్లు పోతాయి" అనే మాట, "అలైన్‌మెంట్ చేయిస్తే ఏం కాదులే" అనే మాట రెండూ బలంగా వినిపిస్తున్నాయి. రెండింట్లోనూ సగం నిజం ఉంది. టైరును తినేది ఎత్తు కాదు, కోణం. పాత కారులో ఆ కోణాన్ని పట్టి ఉంచేది ఇనుము కంటే ఎక్కువగా రబ్బరు. ఈ రెండు ముక్కలూ విప్పి చూస్తే మిగతా గందరగోళం చాలావరకు విడిపోతుంది.

దించినప్పుడు నిజంగా దిగేది ఏది

కారు బరువు స్ప్రింగుల మీద కూర్చుని ఉంటుంది. షాక్ అబ్జార్బర్ బరువు మోయదు, స్ప్రింగ్ ఊగకుండా పట్టుకుంటుంది. చిన్న కార్లలో ముందు చక్రాలకు ఈ రెండూ కలిసి ఒకే నిలువు స్తంభంలా ఉంటాయి. దాన్ని స్ట్రట్ అంటారు. పొట్టి స్ప్రింగ్ వేసినా, ఉన్న స్ప్రింగ్ కోసినా బాడీ కిందికి వస్తుంది. చక్రం మాత్రం ఎక్కడికీ పోదు, అది నేల మీదే ఉంటుంది. అంటే బాడీ వైపు నుంచి చూస్తే చక్రం పైకి జరిగినట్టు లెక్క. గుంతలో బండి కుంగినప్పుడు ఒక క్షణం ఉండే స్థితిలో మనం దాన్ని శాశ్వతంగా నిలబెడుతున్నాం.

చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ ఏతం కర్ర లాంటిది. ఒక కొస బాడీ దగ్గర నిలిచి ఉంటుంది, రెండో కొస పైకీ కిందికీ తిరుగుతుంది. తిరిగేది వృత్తంలో కాబట్టి ఎత్తు మారినప్పుడల్లా ఆ కొస కొంచెం బయటికో లోపలికో జరుగుతుంది. స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే టై రాడ్ ఇంకో ఏతం కర్ర. దాని పొడవు వేరు, నిలిచి ఉన్న చోటు వేరు. ఫ్యాక్టరీ ఎత్తు దగ్గర ఈ రెండు కర్రలూ దాదాపు కలిసి నడిచేలా అమర్చి ఉంటాయి. ఆ ఎత్తు నుంచి దూరం జరిగిన కొద్దీ ఒకటి లాగితే ఇంకొకటి నెడుతుంది. ఆ పెనుగులాటంతా చివరికి టైరు మీదే తేలుతుంది.

మూడు కోణాలు, వాటిలో ఒక దొంగ

కారు ముందు నిలబడి చూసినప్పుడు చక్రం నిట్టనిలువుగా ఉందా, వాలి ఉందా అన్నది కేంబర్. చక్రం పైభాగం లోపలికి వాలితే నెగటివ్, బయటికి వాలితే పాజిటివ్.

పైనుంచి చూసినప్పుడు చక్రాలు తిన్నగా ముందుకు చూస్తున్నాయా లేదా అన్నది టో. మన కాలి వేళ్లు ఒకదానివైపు ఒకటి తిరిగేలా నిలబడితే టో ఇన్, వేళ్లు బయటికి తిప్పి నిలబడితే టో అవుట్.

పక్కనుంచి చూసినప్పుడు స్టీరింగ్ తిరిగే అక్షం ఎంత వెనక్కి వాలిందన్నది కాస్టర్. స్టీరింగ్ తిప్పి వదిలితే తనంతట తాను మధ్యకి రావడం చాలావరకు దీని చలవే. టైరు అరుగుదలలో దీని వాటా తక్కువ, దీన్ని ఇక్కడితో వదిలేద్దాం.

బండి దించగానే కంటికి కనిపించేది కేంబర్. చక్రాలు ఇంగ్లిష్ ఏ అక్షరంలా వాలి నిలబడతాయి కాబట్టి లోపలి అంచు అరిగితే నింద దానికే పోతుంది. టో మార్పు కంటికి కనిపించదు, ఫోటోలోనూ పడదు. ఎక్కువసార్లు టైరు తినేసిన దొంగ అదే.

లెక్క వేసి చూస్తే

లెక్క కోసం అంకెలు ఇలా అనుకుందాం. 40 మిల్లీమీటర్లు దించిన కారులో ముందు చక్రాల కేంబర్ 1 డిగ్రీ నెగటివ్ అయింది, ఒక్కో చక్రం టో పావు డిగ్రీ బయటికి తిరిగింది. పావు డిగ్రీ అంటే కంటికి ఆనదు.

చక్రం పావు డిగ్రీ పక్కకు చూస్తూ, బండి మాత్రం తిన్నగా పోతోంది. అంటే ప్రతి కిలోమీటరుకి ఆ టైరు సుమారు 4.4 మీటర్లు పక్కకి ఈడవబడుతుంది. నెల్లూరు నుంచి ఒంగోలు 120 కిలోమీటర్లు అనుకుంటే, ఒంగోలు చేరేసరికి ఆ టైరు 520 మీటర్ల పైచిలుకు అడ్డంగా రాసుకున్నట్టు. వెళ్లి వస్తే కిలోమీటరు దాటింది. కొబ్బరిచిప్పను గరుకు నేల మీద అరగదీసినట్టే, కాకపోతే కారు బరువు పైన పెట్టి.

ఇప్పుడు 1 డిగ్రీ కేంబర్ సంగతి. టైరు నేలను తాకే వెడల్పు 150 మిల్లీమీటర్లు అనుకుంటే, 1 డిగ్రీ వాలులో లోపలి అంచుకీ బయటి అంచుకీ ఎత్తులో తేడా 2.6 మిల్లీమీటర్లు. టైరు ఇనప చక్రమైతే బయటి అంచు గాల్లో లేచేది. రబ్బరు, లోపల గాలి కాబట్టి ఆ తేడాలో చాలా భాగం మింగేస్తుంది. లోపలి భుజం మీద బరువు కొంచెం ఎక్కువ పడుతుంది, అంతే. టో తిన్నగా ఉంటే ఈ మాత్రం కేంబర్‌తో అరుగుదల మెల్లగా, చూసి పట్టుకోగలిగే వేగంతో జరుగుతుంది.

రెండూ కలిస్తేనే అసలు నష్టం. బరువు ఏ అంచు మీద పడాలో కేంబర్ చెబుతుంది, ఆ అంచుని రాపిడి పెట్టే పని టో చేస్తుంది. నా టైరులో జరిగింది ఇదే. నెల్లూరు నుంచి అటు కావలి, ఇటు గూడూరు, ఏ వైపు పోయినా 16వ నంబరు జాతీయ రహదారి తిన్నగా సాగుతుంది. మలుపుల రోడ్డయితే బయటి అంచుకీ కొంత పని పడి అరుగుదల పంచుకునేది. తిన్నటి హైవేలో మొత్తం లోపలి అంచే మోస్తుంది.

ఇంకో అపోహ కూడా ఉంది. ఎంత దించితే నెగటివ్ కేంబర్ అంత పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. స్ట్రట్ ఉన్న కార్లలో అలా కాదు. మొదట దించినప్పుడు నెగటివ్ వైపు పోతుంది, లోయర్ ఆర్మ్ బయటి కొస బాగా పైకి లేచేసరికి ఆ పెరుగుదల తగ్గి ఆగిపోతుంది, ఇంకా దించితే వెనక్కి తిరుగుతుంది. టో అలా ఆగదు. అందుకే 60, 70 మిల్లీమీటర్లు దించిన కార్లలో చక్రాలు చూడ్డానికి పెద్దగా వాలినట్టు ఉండవు గానీ టైర్లు మాత్రం పోతుంటాయి.

వెనక చక్రాల కథ కారుని బట్టి మారుతుంది. స్విఫ్ట్‌లో వెనక రెండు చక్రాలనీ కలిపే దూలం ఉంటుంది. దించితే వెనక కోణాలు పెద్దగా మారవు, మారినా తిప్పి సరిచేసే బోల్టు లేదు. జెన్‌లో వెనక గట్టి ఇరుసు కాబట్టి కేంబర్ ప్రశ్నే లేదు. అంబాసిడర్ కూడా అంతే. ఎస్టీమ్‌లో మాత్రం వెనక చక్రాలు కూడా దేనికది విడిగా కదులుతాయి. ముందు చెప్పిన లెక్కంతా వెనకకీ వర్తిస్తుంది. ఎస్టీమ్ దించి ముందు చక్రాలకు మాత్రమే అలైన్‌మెంట్ చేయిస్తే సగం పనే జరిగినట్టు.

స్ప్రింగ్ కోయించడం: ఒక చుట్టు తీస్తే ఏమవుతుంది

దించడానికి దారులు మూడు. ఉన్న స్ప్రింగ్ కోయడం, పొట్టిగా తయారైన లోయరింగ్ స్ప్రింగులు వేయడం, ఎత్తు తిప్పుకోగలిగే కాయిలోవర్లు వేయడం. మన ఆటోనగర్‌లలో ఎక్కువగా జరిగేది మొదటిదే. దాన్ని పూర్తిగా తప్పనేవాళ్లు, ముప్పై ఏళ్లుగా కోస్తున్నాం ఏమీ కాలేదనేవాళ్లు ఇద్దరూ ఉన్నారు. ఊహ అంకెలతోనే చూద్దాం.

ఆరు చుట్ల స్ప్రింగ్. విడిగా నిలబెడితే 340 మిల్లీమీటర్ల పొడవు. మిల్లీమీటరు కుంగడానికి 2 కిలోల బరువు కావాలి. దాని మీద 270 కిలోలు పడితే 135 మిల్లీమీటర్లు కుంగి 205 దగ్గర నిలుస్తుంది. ఇప్పుడు ఒక చుట్టు కోసేశాం. విడి పొడవు సుమారు 283. చుట్లు తగ్గితే స్ప్రింగ్ గట్టిపడుతుంది, అయిదు చుట్లకు మిల్లీమీటరుకి 2.4 కిలోలు అవుతుంది. అదే 270 కిలోలకు 112 కుంగి 171 దగ్గర నిలిచింది. బండి 34 మిల్లీమీటర్లు దిగింది, స్ప్రింగ్ 20 శాతం గట్టిపడింది. ఇంతవరకు కోసేవాళ్ల వాదనలో తప్పు లేదు. పొట్టి స్ప్రింగ్ గట్టిగా ఉండటం అవసరం కూడా.

చిక్కు షాక్ అబ్జార్బర్ దగ్గర మొదలవుతుంది. అది పాతదే, పొడవు మారలేదు. జాకీ మీద బండి లేపితే చక్రం వేలాడి షాక్ పూర్తిగా సాగుతుంది. మామూలు ఎత్తు నుంచి 80 మిల్లీమీటర్లు సాగుతుందనుకుంటే స్ప్రింగ్ కూర్చునే రెండు పళ్లేల మధ్య దూరం 285. మన స్ప్రింగ్ విడి పొడవు 283. అంటే రెండు మిల్లీమీటర్లు వదులు. చుట్టున్నర కోస్తే విడి పొడవు 255, వదులు 30 మిల్లీమీటర్లు. పెద్ద గుంతలో చక్రం కిందికి వేలాడినప్పుడు స్ప్రింగ్ పళ్లెంలోంచి జారి, తిరిగి వంకరగా కూర్చోగలదు. ఒక చుట్టు కోసినవాళ్లు "ఏం కాలేదు" అనడం, చుట్టున్నర కోసినవాళ్లకు "టక్ టక్" అని శబ్దం రావడం రెండూ ఒకే లెక్కలోంచి వచ్చినవే.

గుద్దుకునే వైపు ఇంకా ఇరుకు. ముందు 75 మిల్లీమీటర్లు కుంగాక కుంగుడు చివర ఆపే బంప్ స్టాప్ రబ్బరుకు తగిలేదనుకుంటే, ఇప్పుడు 41కే తగులుతుంది. 20 శాతం గట్టితనం ఆ లోటు పూడ్చదు. తగిలిన ప్రతిసారీ చక్రం ఎగిరి పడుతుంది. టైరు మీద అక్కడక్కడా సొట్టల్లాంటి మచ్చలుగా అరగడం దీని గుర్తు, కోణాల అరుగుదల ఇలా ఉండదు. అరచెయ్యి టైరు చుట్టూ నిమిరితే పల్లం, మెట్ట, పల్లం, మెట్ట అని తెలుస్తుంది. టో వల్ల అరిగినదయితే అడ్డంగా నిమరాలి. ఒక వైపు నిమిరితే నున్నగా పోతుంది, తిరుగు వైపు నిమిరితే రంపపు పళ్లలా చేతికి తగులుతుంది. యంత్రం దగ్గరికి పోకముందే చెయ్యి చెప్పే సాక్ష్యం ఇది.

గ్యాస్ మంటతో స్ప్రింగ్ కాల్చి కుంగదీయడం మాత్రం ఈ తర్జనభర్జనలోకి రాదు. కాలిన చోట ఉక్కు పదును పోతుంది. ఆ తర్వాత ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కుంగుతూనే ఉంటుంది, ఏ అలైన్‌మెంటూ నిలవదు. నా దృష్టిలో దీన్ని సమర్థించే వాదన లేదు.

లోయరింగ్ స్ప్రింగులు విడి పొడవు, గట్టితనం, కూర్చునే అంచు అన్నీ చూసి చేసినవి కాబట్టి ఆ వదులు రాదు. అయితే పదిహేనేళ్ల పాత షాక్‌ల మీద వేస్తే అవి కొత్త గట్టితనాన్ని అదుపు చేయలేవు, మళ్లీ అదే సొట్టల అరుగుదల. కాయిలోవర్లలో షాక్ కూడా దానికి తగ్గట్టు వస్తుంది. ఖర్చు మాత్రం పాత కారు విలువతో పోటీ పడుతుంది.

పాత కారులో అసలు ప్రశ్న రబ్బరుది

"కొత్త స్ప్రింగులు వేశాను, అలైన్‌మెంట్ చేయించాను, నెల తిరక్కుండా మళ్లీ తినేస్తోంది" అని చెప్పేవాళ్ల కార్లు దాదాపు అన్నీ పాతవే. లోయర్ ఆర్మ్ బాడీకి కలిసే చోట రబ్బరు బుష్‌లు ఉంటాయి. ఇనప గొట్టానికి రబ్బరు అతికించి చేసినవి. అవి బేరింగ్‌లా తిరగవు, మెలిపడతాయి. పదిహేను వేసవులు నెల్లూరు ఎండలో, ఇంజన్ వేడిలో ఉన్న రబ్బరు పగుళ్లు తేలి పట్టు వదులుతుంది. అలైన్‌మెంట్ బండి నిలబడి ఉన్నప్పుడు జరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు ఆర్మ్ వెనక్కి జరిగితే యంత్రం చూసిన కోణం వేరు, రోడ్డు చూసే కోణం వేరు.

టై రాడ్ ఎండ్ సంగతి ఇంకా సున్నితం. చక్రం దగ్గర అది పట్టుకునే చెయ్యి పొడవు 120 మిల్లీమీటర్లు అనుకోండి. అందులో అర మిల్లీమీటరు లూజు ఉంటే చక్రం సుమారు పావు డిగ్రీ తిరుగుతుంది. మనం పైన లెక్కేసిన 520 మీటర్ల ఈడ్పుకి సరిగ్గా అంతే చాలు. అంటే అర మిల్లీమీటరు ఆడే ఎండ్‌తో చేసిన అలైన్‌మెంట్‌కి యంత్రం ఇచ్చే కాగితం విలువ కూడా లేదు.

మెకానిక్‌లు కూడా ఎక్కువమంది వదిలేసే మెలిక ఒకటుంది. బుష్ బోల్టు ఏ ఎత్తులో బిగిస్తే రబ్బరుకి అదే విశ్రాంతి స్థానం. ఆర్మ్ పొడవు 330 మిల్లీమీటర్లు అనుకుంటే 40 మిల్లీమీటర్లు దించినప్పుడు అది సుమారు 7 డిగ్రీలు తిరుగుతుంది. పాత ఎత్తులో బిగించిన బుష్ ఇప్పుడు రాత్రీ పగలూ 7 డిగ్రీలు మెలితిరిగే ఉంటుంది. జాకీ మీద చక్రం వేలాడుతుండగా బిగిస్తే ఇంకా అన్యాయం. ఆ బోల్టులు వదులు చేసి, బండిని నాలుగు చక్రాల మీద కొత్త ఎత్తులో నిలబెట్టి, అప్పుడు బిగించాలి. నా బండికి మొదటిసారి ఇది జరగలేదు. ఆరు నెలల్లో కొత్త బుష్‌లు చిరిగాయి. రెండోసారి చేసిన పెద్దాయన ర్యాంప్ కింద పడుకుని రెండు బోల్టులు బిగిస్తూ, "రబ్బరుకి కూడా నడుం నొప్పి ఉంటుంది నాయనా" అన్నారు.

మనకు తెలియకుండా పాత కారు ఎలాగూ కొంత దిగే ఉంటుంది. ఏళ్ల తరబడి స్ప్రింగులు కుంగుతాయి, ఎప్పుడూ మనిషి కూర్చునే డ్రైవర్ వైపు ఇంకాస్త. చక్రం మధ్యనుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపు పెట్టి నాలుగు మూలలా కొలిస్తే బయటపడుతుంది. నా బండిలో దించకముందే కుడి ముందు మూల ఎడమ కంటే 9 మిల్లీమీటర్లు తక్కువ ఉంది. అలాంటి బండికి రెండు పక్కలా సమానంగా ఒక చుట్టు కోస్తే ఆ వంకర అలాగే కిందికి దిగుతుంది, పోదు.

అలైన్‌మెంట్ కాగితంలో ఉన్నదేమిటి

యంత్రం ఇచ్చే కాగితం మీద పచ్చ, ఎరుపు రంగులు చూసి చాలామంది జేబులో పెట్టుకుంటారు. అందులో రెండు విషయాలు మోసం చేస్తాయి.

మొదటిది అంకె రాసే తీరు. చాలా యంత్రాలు డిగ్రీలు, నిమిషాల్లో చూపిస్తాయి. 0°15' అంటే 15 నిమిషాలు, డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి అది పావు డిగ్రీ. దాన్ని 0.15 డిగ్రీ అని చదివితే తప్పు తక్కువగా కనిపిస్తుంది.

రెండోది పక్కన ఉండే కంపెనీ లెక్క. అది కారు ఫ్యాక్టరీ ఎత్తులో ఉన్నప్పటిది. దించిన కారుకి కేంబర్ ఆ లెక్క దాటి ఎర్రగా రావడం సహజం. ఇక్కడ పనివాళ్లలోనే రెండు అభిప్రాయాలు. ఎర్ర గడి ఉంటే కేంబర్ బోల్టు వేసి పచ్చగా చేయాల్సిందే అంటారు కొందరు. స్ట్రట్‌ని చక్రం దగ్గర పట్టుకునే రెండు బోల్టుల్లో పైదాని స్థానంలో మధ్య ఉబ్బెత్తుగా ఉన్న బోల్టు వేస్తారు. తిప్పితే చక్రం డిగ్రీ పైచిలుకు అటూ ఇటూ వాలుతుంది. ఇంకొందరు 1 డిగ్రీ లోపు నెగటివ్‌ని ముట్టుకోకుండా, టోని సున్నాకి తెచ్చి, టైర్లు వేళకు మార్చుకుంటే చాలంటారు. మలుపుల్లో పట్టు కూడా బాగుంటుందన్నది వాళ్ల మాట. టో లెక్క చూశాక నాకు రెండో వాదనే బరువుగా కనిపిస్తోంది, ఒక షరతు మీద. ఎడమ, కుడి కేంబర్ల మధ్య తేడా ఎక్కువ ఉండకూడదు. ఉంటే బండి ఒక పక్కకి లాగుతుంది, ఆ లాగుడుని మనం స్టీరింగ్‌తో ఆపుతూ పోతాం. నా బండిలో ఎడమ 0°50', కుడి 1°25' ఉండేసరికి కుడికి మాత్రం బోల్టు వేయక తప్పలేదు.

చిన్న కార్లలో చాలావాటికి ఫ్యాక్టరీ నుంచి కేంబర్ సర్దుబాటు ఉండదు. అందుకే "అలైన్‌మెంట్ అయింది" అంటే మామూలుగా ముందు టో సెట్ అయిందని మాత్రమే అర్థం. కేంబర్ కదిలిస్తే టో కూడా కదులుతుంది కాబట్టి టో ఎప్పుడూ చివర. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక ఇంకొన్ని మిల్లీమీటర్లు కుంగి కూర్చుంటాయి. దించిన రోజు చేసిన కొలత ఆ రోజుకే. మళ్లీ చూపించుకోవడం షాపు వాళ్ల వ్యాపారం అనుకునేవాళ్లున్నారు గానీ, రెండో కొలతే అసలు కొలత.

మన స్పీడ్ బ్రేకర్లు ఒప్పుకునే ఎత్తు

స్విఫ్ట్ మొదటి తరం కారు నేల నుంచి 170 మిల్లీమీటర్లు. 40 దించితే 130. నలుగురు ఎక్కితే ఇంకో 30 కుంగుతుందనుకుంటే 100.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు, గుండ్రటి పైభాగం. చక్రాల మధ్య దూరం 2,390 మిల్లీమీటర్లు ఉన్న స్విఫ్ట్ దాని మీద సరిగ్గా మధ్యకి వచ్చినప్పుడు నాలుగు చక్రాలూ వాలు మీదే ఉంటాయి. ఆ చక్రాల గీత కంటే మధ్య భాగం లేచి ఉండేది 42 మిల్లీమీటర్లు మాత్రమే. నలుగురు ఎక్కిన బండికి కూడా ఇంకా 58 మిగులుతుంది. కొలతల ప్రకారం వేసిన బ్రేకర్ దించిన కారుకి శత్రువు కాదు.

ఊళ్లోవాళ్లు ఒక యాక్సిడెంట్ తర్వాత రాత్రికి రాత్రి కాంక్రీటుతో పోసే గట్టు వేరు. అడుగు, అడుగున్నర వెడల్పు, జానెడు ఎత్తు. ముందు చక్రాలు దిగిపోతాయి, వెనక చక్రాలు ఇంకా ఎక్కవు, జానెడంతా బండి కడుపు కిందే ఉంటుంది. 130 మిల్లీమీటర్ల ఎత్తున్న బండి కూడా దాన్ని దాటలేదు. చీమకుర్తి గ్రానైట్ లారీలు తొక్కి గాళ్లు పడిన రోడ్డు మీద కూడా ఇదే అవస్థ. చక్రాలు గాళ్లలో, కడుపు మధ్య మెట్ట మీద. వీటికీ టైరు అరుగుదలకీ సంబంధం ఉంది. ఒక్కసారి లోయర్ ఆర్మ్ దేనికైనా బలంగా తగిలితే పావు డిగ్రీ మారడానికి అంతే చాలు, మనకి మాత్రం "ఏదో తగిలింది" అని గుర్తుంటుంది, అంతే.

చట్టం వైపు నుంచి

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నం అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ అనుమతి లేని మార్పుకి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అంటోంది. ఆర్‌సీలో నేలనుంచి ఎత్తు అనే గడి లేదు కాబట్టి స్ప్రింగ్ మారిస్తే ఇది వర్తించదని కొందరు వాదిస్తారు. సస్పెన్షన్ భద్రతకు సంబంధించిన భాగం, తయారీదారు కొలత మారింది కాబట్టి వర్తిస్తుందని ఇంకొందరు. సొంత కారుకి 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు తనిఖీకి పెట్టాలి. దించిన పాత కార్ల వాళ్లకి ఈ వాదన అక్కడే ఎదురవుతుంది. ఎక్కువమంది ఆ రోజుకి పాత స్ప్రింగులు ఎక్కించి తీసుకుపోతారు. నా పాత స్ప్రింగులు కూడా గోనెసంచిలో చుట్టి మేడ మెట్ల కింద ఉన్నాయి.

ఎంత దించితే ఎంతవరకు

పైన అంకెలన్నీ పక్కపక్కన పెడితే హద్దులు వాటంతటవే కనిపిస్తాయి. 25 నుంచి 30 మిల్లీమీటర్ల వరకు పాత షాక్ పొడవు సరిపోతుంది, స్ప్రింగ్ వదులు కాదు, టో సరిచేస్తే కేంబర్ భరించగలిగేంతే ఉంటుంది. 40 దగ్గర షాక్‌లు, బుష్‌లు, కేంబర్ బోల్టులు ఖర్చులోకి వస్తాయి. 50 దాటితే ఆ రెండు ఏతం కర్రల పెనుగులాట బోల్టులతో తీరదు. గుంత పడ్డ ప్రతిసారీ టో మారుతూనే ఉంటుంది, నిలబెట్టి చేసిన అలైన్‌మెంట్ దాన్ని పట్టుకోలేదు. రీళ్లలో కనిపించే కార్లు చాలావరకు ఈ చివరి వరసవే. వాళ్లకు టైరు ఖర్చు ముచ్చటలో భాగం, అది వాళ్ల లెక్క.

నా స్విఫ్ట్‌ని ఇప్పుడు 30 దగ్గరికి ఎత్తించాను. రెండు లోయర్ ఆర్మ్‌ల బుష్‌లు, రెండు టై రాడ్ ఎండ్‌లు, నాలుగు షాక్‌లు కొత్తవి పడ్డాయి. టైర్లు వేసి 14,000 కిలోమీటర్లు అయ్యాక మొన్న లోతు కొలిచే గేజ్ పెట్టి చూశాను. ఎడమ ముందు లోపల 5.1, బయట 5.4. కుడి ముందు లోపల 4.9, బయట 5.4. కుడి వైపు అర మిల్లీమీటరు తేడా ఇంకా ఉంది. వచ్చే ఆదివారం ఆ బోల్టు ఇంకాస్త తిప్పించాలి.